ఆరో దీపం దగ్గర ఆగిన ఆట

పోయిన వారం రేణుకను వరంగల్ స్టేషన్లో రెండు రైళ్ల మధ్య నిలబెట్టి వచ్చేశాం. ఇటు బండి ఎక్కితే జనగామ వైపు, రఘునాథపల్లిలో తల్లిగారిల్లు. అటు బండి ఎక్కితే మానుకోట. స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఎంత పెద్దగా రాసినా ఆ ఊరిని మనవాళ్లు మానుకోట అనే అంటారు, మనమూ అలాగే అనుకుందాం. ఇంట్లో చెప్పింది తల్లిగారింటికి పోతున్నానని. ఎక్కింది మానుకోట బండి.

ఎందుకెక్కిందో మధ్యలో చేరినవాళ్ల కోసం చెప్తాను. తెలిసినవాళ్లు కూడా వినండి, ఏం పోయింది?

రేణుక మొగుడు ఎల్లేశ్ భూపాలపల్లి కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. షిఫ్టు దిగాక ఇంట్లో గది తలుపేసుకుని, మైకు నోటి దగ్గర పెట్టుకుని, గోడ అవతలికి వినపడకుండా వీడియో గేముల మీద మాట్లాడి యూట్యూబ్‌లో పెడతాడు. ఆ మధ్య ఎవరి దగ్గరో వాడిన గేమ్ మిషన్ ఒకటి కొన్నాడు. అందులో ఒక జపాన్ ఆట ఉంది. అసలు పేరు పలకడానికి నాలుక తిరగక మన దగ్గర ఆడేవాళ్లంతా దాన్ని ‘ఏడు దీపాల దారి’ అంటారు. చీకటి కమ్మిన రాజ్యం. ఒకటే రాతిబాట. బాట పొడుగునా ఏడు దీపస్తంభాలు. నలుగురు మనుషులు నిప్పు పట్టుకుని, అడ్డమొచ్చిన భూతాలతో కొట్లాడుతూ, ఒక్కో దీపం వెలిగించుకుంటూ పోవాలి. పక్కకు తిరిగే దారి లేదు, వెనక్కు వచ్చే దారి అసలే లేదు.

ఈ ఆట మంచిదా చెడ్డదా అని ఎల్లేశ్ వీడియోల కింద జనం జుట్లు పట్టుకుంటారు. “గిది ఆట కాదన్నా, బస్సెక్కి కిటికీలకెల్లి సూసుడు” అని ఒకడు. “కథ సూసి ఏడ్సిన, కొట్లాటలు మస్తున్నయ్, నోరు మూసుకొని ఆడుర్రి” అని ఇంకొకడు. “సగం ఆట అయితెగాని మజా షురూ కాదు, గంత ఓపిక ఎవనికున్నది?” అని మరొకడు. ఈ రచ్చ మధ్యలో ఒక ఆడమనిషి పేరు. గుగులోత్ భాగ్య.

ఆ పేరుతో కామెంటు వచ్చిందంటే ఎల్లేశ్ ముఖం వెలిగిపోతుంది. చదువుతాడు. నవ్వుతాడు. ఒక్కోసారి కళ్లు తుడుచుకుంటాడు. పెళ్లయి ఏడాది దాటింది, కట్టుకున్నదాని ముందు ఆ మనిషి ఎన్నడూ కళ్లు తుడుచుకున్న పాపాన పోలేదు. పైగా కింద కుర్రకారు వెక్కిరింపులు: “భాగ్య మేడం కామెంట్ సదవందే మా అన్నకు తెల్లారది!” ఇక రేణుక కడుపు మండకుండా ఉంటుందా?

ఎల్లేశ్ డ్యూటీకి పోయిన ఓ పూట మిషన్ తెరిచి చూసింది. బాట మీద విల్లు పట్టుకుని నడిచే పిల్ల తల మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు మెరుస్తోంది. భాగ్య అని. ఈ ఆటలో మనుషులకు పేర్లు పెట్టేది ఆడేవాళ్లే. అంటే, మొగుడే పెట్టాడన్నమాట! ఆ పక్కన ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు, వాళ్ల తలల మీదా పేర్లున్నాయి. రేణుక చదవలేదు. ఆమె చదవలేదు కాబట్టి పోయిన వారం నేనూ మీకు చెప్పలేదు. మంటెక్కిన కంటికి ఒక్క పేరే కనబడుతుంది మరి.

ఇవాళ పొద్దున ఎల్లేశ్ గడప దాటగానే ఆమె చేసిన పని ఇదీ. ఆట మొదటి నుంచి మొదలుపెట్టింది. విల్లు పిల్లకు రేణుక అని పేరు పెట్టింది. కాస్త దూరం నడిపించింది. ఇక్కడిదాకా సేవ్ చేయమంటావా అని మిషన్ అడిగింది. ఇదివరకే ఒక ఆట సేవ్ అయి ఉంది, దాన్ని చెరిపి ఇది పెట్టమంటావా అని మళ్లీ అడిగింది. పాపం, మిషనైనా రెండుసార్లు అడిగింది. రేణుక ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అవునని నొక్కింది.

భాగ్య పోయింది, రేణుక వచ్చింది. అయినా మంట చల్లారలేదు. ఆ మనిషి ముఖం ఎట్లా ఉంటుందో చూసి, ముఖం మీదే నాలుగు దులిపి వస్తే తప్ప చల్లారేలా లేదు. అందుకే ఈ ప్రయాణం.

మానుకోటలో దిగేసరికి ఎండ మాడుస్తోంది. ‘స్టేషన్ రోడ్డుల నా టైలర్ దుకాణం, మిషన్ తొక్కుకుంటనే నీ ఆట సూస్త’ అని ఆ భాగ్య ఒకసారి కామెంటులో రాసుకుంది. దారిలో ఒక పండ్లబండి ఆమెను అడిగితే వేలు పెట్టి చూపించింది. ఆకుపచ్చ తలుపులు, బయట వేలాడే జాకెట్లు, లోపల కుట్టుమిషన్ చప్పుడు.

రేణుక దారంతా ఒక ముఖం ఊహించుకుంటూ వచ్చింది. పౌడరు పూసుకుని, పళ్లికిలిస్తూ, ఫోను పట్టుకుని వయ్యారాలు పోయే ముఖం. మిషన్ ముందు కూర్చున్న మనిషి అలా లేదు. మెడలో టేపు, ముక్కుకు పుడక, జుట్టు గట్టిగా ముడేసి, పెదాల మధ్య గుండుసూది. రేణుక కన్నా నాలుగైదేళ్లు పెద్దదేమో. పని చేసుకునే మనిషి. అయినా అందంగా ఉంది. తలెత్తి నవ్వితే ఇంకా అందంగా ఉంది. అదే రేణుకకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

దుకాణంలో ఓ మూల స్టూలు మీద ఒక ముసలాయన తెల్లబట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, చుట్టాలింటికి వచ్చినట్టు ఒద్దికగా కూర్చున్నాడు.

“రా చెల్లె, లోపటికి రా. ఎండ మస్తున్నది,” అంది భాగ్య సూది తీసి దిండుకు గుచ్చుతూ. “బాపూ, జర జరుగు, చెల్లె కూసుంటది. పేరేంది?”

“రాధ,” అంది రేణుక. దారిలో అనుకున్న పేరే.

“ఏ ఊరు?”

“జనగామ.”

“గంత దూరం నుంచి వచ్చినవా జాకెట్ కుట్టిచ్చుకునేతందుకు?”

“ఈడ మా సుట్టాలున్నరు. మంచిగ కుడ్తవని చెప్పిన్రు.”

భాగ్య టేపు తీసింది. పగవాళ్లకు కూడా రాకూడదు ఆ అవస్థ. తిట్టడానికి వచ్చిన మనిషి రెండు చేతులూ ఎత్తి నిలబడాలి, తిట్టించుకోవాల్సిన మనిషి దగ్గరగా వచ్చి ఛాతీ కొలత, భుజం కొలత తీసుకోవాలి. “శ్వాస బిగపట్టకు చెల్లె, తర్వాత టైటయితది,” అంది భాగ్య. రేణుక బిగపట్టిన శ్వాస కొలతల కోసం కాదని ఆమెకేం తెలుసు?

దారపుండల డబ్బాకు ఆనించి పెట్టిన ఫోను అప్పుడు మాట్లాడింది.

“నమస్తే అందరికి. మల్ల గదే గేటు కాడ నిలవడ్డ. తిట్టేటోళ్లు తిట్టుర్రి.”

మొగుడి గొంతు.

కుట్టుమిషన్ చప్పుడులో వినపడాలని భాగ్య ఏదో పాత వీడియోకు సౌండు మొత్తం పెంచి పెట్టుకున్నట్టుంది. పరాయి దుకాణంలో, పరాయి ఆడదాని బల్ల మీద, తన మొగుడి గొంతు గలగలా పారుతోంది. రేణుకకు ఒళ్లంతా కారం పూసినట్టయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రేణుక ఈ వీడియోలన్నీ చూసింది. ఒక్కటీ వినలేదు. భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో పగలు ఎవరూ సౌండు పెట్టరు. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పడుకుని ఉంటారు, గోడలు పలచన. రేణుక మామ ఎల్లస్వామి కూడా రాత్రి బాయిలో దిగి పగలు ముందుగదిలో పడుకునే మనిషే. పెళ్లికూతురుగా అడుగుపెట్టిన రోజే అత్త యాదమ్మ చెప్పిన మొదటి మాట, “టీవీ సూసుకో బిడ్డా, గని గొంతు తీసెయ్యి” అని. చెవులకు వైర్లు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పెట్టుకుంటే ఎల్లేశ్ బండి చప్పుడు వినపడదు, దొరికిపోతుంది! అందుకని మొగుడి పెదాలు కదలడం, నవ్వడం, కళ్లు తుడుచుకోవడం చూసింది. కామెంట్లు చదివింది. మధ్యలో ఖాళీలన్నీ తన మంటతో తానే నింపుకుంది.

ఫోనులో ఎల్లేశ్ అంటున్నాడు: “ఎందుకు ముందుకు పోతలేవన్నా అని అడుగుతున్రు. పోత. గని మా భాగ్యక్క చెప్పేదాక పోను.”

అక్క!

రేణుక ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఒక్క క్షణం గుండె తేలికయిన మాట నిజం. మరుక్షణమే మళ్లీ బరువెక్కింది. అక్క అంటే మాత్రం? నోటితో అక్క అని కళ్లతో ఇంకోటి అనే మొగవాళ్లను ఆమె చూడలేదా? అసూయ అంత తొందరగా ఇల్లు ఖాళీ చేయదు, అద్దె కట్టని మనిషి లాంటిది అది.

“ఎవరక్కా ఆయన?” అంది, ఏమీ ఎరగనట్టు.

“మా తమ్ముని లెక్క. భూపాలపల్లి ఆయన. ఆటల మీద ముచ్చట చెప్తడు.”

“సొంత తమ్ముడా?”

“కాదు. ఎన్నడు ముఖం గూడ సూసుకోలే, ఫోన్లనే.”

“ముఖం సూడని మనిషి మీద గంత పావురమా, గంత ప్రేమా? పెండ్లయినోడు గావొచ్చు. గాయన పెండ్లానికి తెలుసా గీ ముచ్చట?” గొంతు కాస్త పైకి పోయింది. స్టూలు మీద ముసలాయన తలెత్తి చూశాడు.

భాగ్య టేపు చుట్టుతూ రేణుక వైపు తేరిపార చూసింది. కోపం రాలేదు ఆమెకు. “నువ్వు గూడ సూస్తవా ఏంది ఆయన వీడియోలు?”

“సూస్త. ఆట గూడ ఆడిన. వట్టి బోకస్ ఆట గది!” రేణుకకు ఇక ఆగలేదు. తిట్టడానికి మొగుడు దొరకకపోతే ఆటైనా దొరికింది. “ఒక్కటే దారి. ఏడ అడుగు వెట్టినా నాకన్న ముందు ఇంకొకలు నడిసిపోయినట్టే ఉంటది. నాకోసమని ఏం మిగలదు. వాళ్లు సూసిందే నేను సూడాలె, వాళ్లు ఏడ్సిన కాడనే నేను ఏడ్వాలె. గిదేం బతుకు? గిదేం ఆట? మంది ఎంగిలి తిన్నట్టు!”

ఇది ఆట మీద అభిప్రాయం కాదని మీకూ నాకూ తెలుసు. భాగ్యకు మాత్రం అభిప్రాయంలాగే వినపడింది. ఆమె కళ్లు మెరిశాయి. ఇన్నాళ్లూ ఫోనులో వాదించుకున్నది ఒకటి, ఎదురుగా మనిషి దొరకడం ఒకటి.

“మంచిగ చెప్పినవ్ చెల్లె. గని మా యాడి దీనికి ఉల్టా అంటుండె. యాడి అంటే మా లంబాడోళ్ల భాషల అమ్మ. ‘దారి ఒక్కటే అయితె మంచిదే గదరా, తప్పిపోవుడు ఉండదు. మనకన్న ముందు పోయినోళ్లు యాన్నో ఓ కాడ దొరుకుతరు’ అనేది.”

“మీ యాడి గూడ ఆడిందా?”

“ఆడలే. పక్కన కూసొని సూసేది. మాది దంతాలపల్లి దగ్గర తండా. యాడికి పానం బాగలేక మంచం పట్టిన ఏడు, మా తమ్ముడు ప్రకాశ్ పని బందు వెట్టి ఇంటి కాడనే ఉన్నడు. ఆమెకు పొద్దు పోవాలె గదా, ఆమె పక్కన కూసొని ఈ ఆట ఆడేటోడు. నలుగురికి మా పేర్లే పెట్టిన్రు. కత్తి పట్టినోడు ప్రకాశ్. సమ్మెట పట్టుకున్న లావుపాటాయన పూల్‌సింగ్, అగో, మా బాపు.” ముసలాయన సిగ్గుపడుతూ మీసం సవరించుకున్నాడు. “విల్లు పట్టిన పోరి నేను. మందులిచ్చే ముసలమ్మ మా యాడి, ఈదమ్మ.”

విల్లు పిల్ల పక్కన తాను చదవని మూడు పేర్లు ఇవేనని రేణుకకు తట్టింది.

“గా మిషన్...” అంది రేణుక. “గా ఆట మిషన్ యాడున్నది ఇప్పుడు?”

“యాడి పోయినంక తమ్ముడు దాని దిక్కు సూడలేకపాయె. అమ్మేసిండు. పటాన్‌చెరు దిక్కు కంపెనీల పనికి పోయిండు. గా మిషన్ తిరిగి తిరిగి ఈ ఎల్లేశ్ తమ్మునికి దొరికింది. తీసి సూస్తే లోపట మా ఆట అట్లనే ఉన్నదట. వేరేటోడైతే చెరిపేస్తుండె. ఈయన వీడియోల అడిగిండు సూడు, ‘పూల్‌సింగ్, ఈదమ్మ, భాగ్య, ప్రకాశ్, ఎవరు మీరంత? మీ ఆట నా కాడ పైలంగున్నది, చెరపలే’ అని. అది సూసి నేను ఈడ కుట్టుమిషన్ మీదనే పడి ఏడ్సిన.”

మొదటి వీడియో. రేణుక చూసింది అది. పెదాలు కదిలాయి, ముఖం వెలిగింది, కింద భాగ్య అని పేరు. ఆమె చూసిందల్లా అంతే.

“మరి ముందుకు ఎందుకు పోతలేడు?” అని అడిగింది. అడగక తప్పలేదు.

జవాబు ఫోనే చెప్పింది. ఎల్లేశ్ గొంతు నెమ్మదిగా వస్తోంది. “ఈ ఆట ఆడినోళ్లకు తెలుసు, ఆరో దీపం కాడ ఏమైతదో. మందులిచ్చే అవ్వ తన పానం పోసి దీపం ముట్టిస్తది. ఎవ్వడు ఆడినా అంతే, ఆపనీకె రాదు. ప్రకాశ్ గా దీపం కాడి గేటు ముందట దాక వచ్చి ఆగిండు. అడుగు వెడితే వాళ్లమ్మ పోతది. మొదట్ల నేను ఈ ఆటను ఒంటిదారి అని తిట్టిన, మన ఇష్టం ఏం లేదన్న. తప్పుగ అన్న నేను. ఒంటిదారిల గూడ మనకు ఒక ఇష్టం ఉంటది. నిలవడుడు.”

భాగ్య వీడియో ఆపింది. కళ్లు ఒత్తుకుంది.

“గింకో ముచ్చట చెల్లె. మా యాడి సదువుకోలే. ఏడ సంతకం అడిగినా ఏలిముద్రనే. గీ ఆటల పేరు పెట్టేటప్పుడు ప్రకాశ్ ఒక్కో అక్షరం చూపెడ్తుంటే, ఆమెనే బటన్ నొక్కి రాసింది. ఈదమ్మ అని. రాసి, అందర్ని పిలిచి చూపెట్టింది. ఆమె చేతితోని రాసిన పేరు లోకం మీద గదొక్కటే ఉన్నది.”

రేణుక బల్ల పట్టుకుని కూర్చుంది. ఎండ తగిలిందనుకుని భాగ్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎవరి పేరు చెరిపి వచ్చిందో వాళ్ల చేతి నీళ్లు. గొంతు దిగుతాయా అవి?

చేసిన పనికి కంటికి నీళ్లు తిరిగాయి, నిజమే. కానీ ఆ నీళ్ల కింద పాత మంట ఇంకా ఆరలేదు, అదీ నిజమే. ఈ సంగతి ఊరంతా ఎరుగు. మానుకోట ఎరుగు, పటాన్‌చెరు ఎరుగు, ముఖం తెలియని కుర్రకారంతా ఎరుగు. ఒక్క గోడ అవతల అన్నం వండే పెళ్లానికి మాత్రం తెలియదు. ఆయన గుండెలో ఇంత తడి ఉందని అందరికీ చూపించాడు, తనకు తప్ప. చచ్చిపోయిన ముసలమ్మను నిలబెట్టుకున్న మనిషి, బతికున్న పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకోలేకపోయాడా? ఈదమ్మ మీద కూడా అసూయ పుట్టింది రేణుకకు. పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“గాయన పెండ్లానికి చెప్పలేదా?” అంది మళ్లీ. ఈసారి గొంతు పైకి పోలేదు.

“చెప్పాలనే ఉన్నది పాపం ఆయనకు. ఒక వీడియోల అన్నడు గూడ. ‘మా రేణుకకు ఈ బొమ్మలాటలంటే చిరాకు, మొదటి రోజే ముఖం మీద అనేసింది. ఎన్నడన్న ఒకసారి వచ్చి గిదేందయ్యా అని అడిగితె చాలు, పక్కన కూసోబెట్టుకొని మొదటికెల్లి చెప్త. అడుగుతదని సూస్తున్న’ అని. గా మాటకు మేమందరం నవ్వినం. మంచి మనిషి చెల్లె. ఆ రేణుక అదృష్టవంతురాలు.”

అదృష్టవంతురాలు తల వంచుకుని గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

మొదటి రోజు తాను అన్న మాట గుర్తుంది. ‘పెండ్లయినంక గూడ పోరగాని లెక్క బొమ్మలాటలేంది, సిగ్గులేదా?’ ఆ మాటకు ఎల్లేశ్ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు సౌండు లేని నవ్వేనని ఇప్పుడు అర్థమవుతోంది.

“బాపు ఎందుకు వచ్చిండు మరి ఇయ్యాల?” అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ముసలాయన ఇందాకటి నుంచి ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు ముందుకు వంగాడు. “ఇయ్యాల మా ఈదమ్మను సాగనంపుతున్నం బిడ్డా.”

“మొన్న ప్రకాశ్ ఫోన్ చేసిండు,” అంది భాగ్య. “‘అక్కా, యాడిని ఎన్నొద్దులు గట్ల గేటు కాడ నిలవెడ్తం, కాళ్లు నొయ్యవా? పోనియ్యుమను’ అన్నడు. నేను ఎల్లేశ్ తమ్మునికి చెప్పిన. ఇయ్యాల షిఫ్టు దిగి వచ్చి లైవ్‌ల అడుగు పెడ్తడు. అక్కడ తమ్ముడు సూస్తడు, ఈడ మేం సూస్తం. అందుకే బాపును తండకెల్లి పిలిపిచ్చిన. సూడు, పెండ్లికి తయారైనట్టు తయారై వచ్చిండు.” గోడ గడియారం చూసింది. “టైమైంది. నువ్వు గూడ కూసో రాధ. ఆట ఆడిన మనిషివి, నీకు సమజైతది.”

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ‘అక్కా, నేనే రేణుకను, పొద్దున గా ఆట చెరిపేసిన’ అని ఒక్క మాట. లేదంటే బయటికి పోయి ఎల్లేశ్‌కు ఫోను చేసి, లైవ్ పెట్టొద్దని చెప్పాలి. చెప్తే ఎందుకంటాడు. ఎక్కడున్నావంటాడు. మానుకోటలో ఏం పని అంటాడు. నా మీద అనుమానంతో పోయావా అంటాడు. రేణుక సంచిలో చెయ్యి పెట్టింది, ఫోను తగిలింది, చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఈ పిల్లకు ఆకులు చేతికందుతున్నా పట్టుకునే ధైర్యం లేదు.

భాగ్య ఫోను టింగుమంది. లైవ్ మొదలైంది.

ఎల్లేశ్ ప్లాంటు చొక్కా కూడా మార్చుకోలేదు. ముఖం కడుక్కున్నట్టుంది, ముంగురులు తడిగా ఉన్నాయి. పొద్దున తాను ఉతికి ఆరేసిన తువ్వాలే మెడలో ఉంది.

“నమస్తే. ఇయ్యాల ఎక్కువ ముచ్చట లేదు. పూల్‌సింగ్ బాపూ, దండాలు. ప్రకాశ్, నువ్వు గూడ సూస్తున్నవని తెలుసు తమ్మీ. పొద్దటికెల్లి నాకు మనసుల మనసు లేదు.”

పూల్‌సింగ్ స్టూలు దిగి, ఫోనుకు రెండు చేతులూ జోడించాడు.

“సరే మరి. తెరుస్తున్న,” అన్నాడు ఎల్లేశ్.

తెర నల్లబడింది. నల్లటి తెరలో గేటు రావాలి, గేటు ముందు లాంతరు పట్టుకుని ముసలమ్మ రావాలి. భాగ్య తండ్రి చెయ్యి పట్టుకుంది. రేణుక కళ్లు మూసుకుంది.

పిల్లనగ్రోవి వినిపించింది. ఎన్నడూ వినని పాటే, అయినా ఇంత హాయైన పాట చీకటి గేటు దగ్గరిది కాదని కళ్లు తెరవకుండానే రేణుకకు తెలిసింది. ఆట మొదట్లో, ఇంకా చీకటి కమ్మని ఊళ్లో వచ్చే పాట. పొద్దున ఆమె సౌండు తీసేసి నడిపించిన ఊరు.

తెర నిండా ఎండ. పచ్చిక. గేటు లేదు. సమ్మెట మనిషి లేడు, కత్తి మనిషి లేడు. ఒక్కతే పిల్ల, భుజాన విల్లు వేసుకుని, తల మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరుతో నిలబడి ఉంది.

తెర మూల చిన్న గడిలో ఎల్లేశ్ ఆ పేరునే చూస్తున్నాడు.

పూల్‌సింగ్ ఫోనుకు బాగా దగ్గరగా వంగాడు. అటు వెతికాడు, ఇటు వెతికాడు. వేలితో తెర అంచున తడిమాడు, పక్కన ఎక్కడన్నా ఉందేమోనని.

“మీ యాడి ఏది బిడ్డా?” అన్నాడు.

భాగ్య పెదాలతో ఆ అక్షరాలు కూడబలుక్కుంటోంది. “రే... ణు... క. రేణుక? బాపూ, గది ఆయన పెండ్లాం పేరు గదా!”

అప్పుడు మోగింది రేణుక సంచిలో ఫోను.

ఏడాదిగా ఇంట్లో గొంతు తీసేసి బతికిన మనిషి, ప్రయాణంలో అవసరమవుతుందని ఇవాళ భూపాలపల్లిలో వరంగల్ బస్సెక్కేటప్పుడే సౌండు పెట్టింది. దుకాణమంతా మోగుతోంది. తెర మీద ఎల్లేశ్ ఇంకా ఆ పేరునే చూస్తూ కూర్చుని ఉన్నాడు, చేతిలో ఫోను లేదు. లైవ్‌లో మనిషి కాస్త వెనకబడి కనిపిస్తాడు కదా. భాగ్య ఒకసారి సంచి వైపు చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది.

తెర మీద ఎల్లేశ్ నెమ్మదిగా జేబులోంచి ఫోను తీశాడు. నొక్కాడు. చెవికి పెట్టుకున్నాడు.

భాగ్య తల తిప్పింది. తెర నుంచి సంచికి, సంచి నుంచి రాధ అని చెప్పుకున్న మనిషి ముఖానికి. చేతిలో కొలతల టేపు జారి కింద పడింది.

ముసలాయనకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. మోగుతున్న సంచి వైపు చూపించి, మెత్తగా అన్నాడు:

“ఎత్తు బిడ్డా. ఎవరో నిన్ను పిలుస్తున్నరు.”